పడ్డచోటి నుంచే

మా మామయ్యగారు పోయారు. పోయిన నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళోని మా ఇంట్లో, టీవీ ముందు తన కుర్చీలోనే. కాలేజీ ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. పక్కన సోఫాలో ఉన్న మా పాప, తాతయ్య కునుకు తీస్తున్నారనుకుని సౌండు తగ్గించి దుప్పటి కప్పిందట. నేను పనిలో ఉండగా మా ఆయన ఫోన్ చేసి "నాన్న..." అని ఆగిపోయారు. ఇక మిగతా మాటలు అక్కర్లేకపోయాయి.

ఏడ్చాను. కానీ ఈ నాలుగు ముక్కలూ ఏడుస్తూ రాయడం లేదు. ఏడుపుగొట్టు వ్యవహారం ఆయనకు పడేది కాదు. తెలిసినవాళ్ళెవరో పోయారని ఇండియా నుంచి ఫోన్ వస్తే, "ఆయన స్టేజీ వచ్చింది, దిగాడు. మన స్టేజీ ఇంకా రాలా. కాఫీ పెట్టమ్మాయ్" అనేవారు. అందుకే ఆ రోజు మా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ నేను కాఫీ పెట్టాను.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది, ఆయన బస్సు కండక్టరు. నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్ళే బస్సులో జీవితమంతా నిలబడే గడిపిన మనిషి. రిటైరయ్యి, మా అత్తయ్య కూడా పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఉద్యోగం వదిలారు గానీ ఉద్యోగం ఆయన్ను వదల్లేదు. కారెక్కి బెల్టు పెట్టుకోగానే వెనక సీట్లోంచి "రైట్ రైట్!" అనేవారు. స్టాప్ సైన్ కనిపిస్తే "హోల్డాన్!" కారుకు కెమెరా ఉన్నా సరే, మా ఆయన రివర్స్ చేస్తుంటే మంచులో దిగి వెనక నిలబడి "రానీ... రానీ... ఇంకా రానీ" అంటూ చెయ్యి ఊపేవారు. ఇండియన్ గ్రోసరీ పార్కింగ్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ కార్లకు కూడా ఈ సేవ ఉచితం.

ఆయన వచ్చిన మొదటి చలికాలం. బయట మోకాలెత్తు మంచు. ఇంట్లో బందీ అయిపోయిన తాతయ్యకు కాలక్షేపంగా మా పాప ఒక ఫుట్‌బాల్ సినిమా పెట్టింది, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్. పేరెందుకులెండి, ఇలాంటి సినిమాలు చాలా ఉన్నాయి. ఒక చిన్న ఊరి కాలేజీ, సన్నగా ఉండే ఒక కుర్రాడు. బంతి చేతికొచ్చినప్పుడల్లా జారవిడుస్తాడు. ఊరంతా నవ్వుతుంది. జట్టుకు మంచినీళ్ళు మోసే పనిలో పెడతారు. అయినా రోజూ ప్రాక్టీసుకు వస్తాడు, రోజూ పడతాడు. కోచ్ ఎందుకో వాణ్ణి నమ్ముతాడు. చివరి ఆటలో, చివరి నిమిషంలో, బంతి వాడి చేతికిస్తాడు. నాకు అప్పటికే ఇలాంటివి పది కథలు చూసిన విసుగు. మామయ్యగారు మాత్రం కుర్చీ అంచుకు జరిగిపోయారు.

"ఈ డౌను, డౌను అంటన్నారు, ఏందమ్మా అది?" అని పాపను అడిగారు.

"డౌన్ అంటే... కింద, తాతయ్యా. పడిపోవడం."

"ఫస్ట్ డౌనంటే?"

"ఫస్ట్ ఛాన్స్. ఫోర్ ఛాన్సెస్ ఉంటాయి. టెన్ యార్డ్స్ వెళ్ళాలి. వెళ్తే మళ్ళీ ఫస్ట్ డౌన్."

ఆయన తలూపారు. "అంటే నాలుగుసార్లు పడొచ్చు. ఈలోగా పది గజాలు పోవాల. పడ్డాక మళ్ళీ యాడ్నుంచి మొదలు?"

"వేర్ హి ఫెల్. పడిన ప్లేస్ నుంచే."

ఆ మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎనక్కి పంపరా? పడ్డకాడ్నుంచేనా? భలే ఆటరా ఇది!" అన్నారు.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, డౌన్ అంటే పడటం ఒక్కటే కాదు నాన్నా, అసలు రూలేమిటంటే అని సోఫాలో కూర్చుని వివరించబోయారు. ఈయన చెయ్యి అడ్డం పెట్టారు. "పాప చెప్పింది చాల్లే. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదని మనవాళ్ళు ఊరకే అన్లా." ఆ సామెతలో పడటం మాటలు పడటమే గానీ బోర్లాపడటం కాదు. కానీ ఆ కుర్రాడు రెండూ పడ్డాడు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఆ సినిమాను ఆయన మళ్ళీ మళ్ళీ పెట్టించుకునేవారు. అందులో ఆటకు ముందు జట్టంతా మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తారు. ఆ సీనొస్తే మామయ్యగారు కూడా చేతులు జోడించి "జై ఆంజనేయ" అనేవారు. "తాతయ్యా, వాళ్ళు జీసస్‌కి ప్రే చేస్తున్నారు. అది వేరే గాడ్" అని ఒకసారి పాప పకపకా నవ్వింది. "ముందు డోరు ఎక్కినా ఎనక డోరు ఎక్కినా బస్సు ఒకటేగదే!" అన్నారు. ఇంకోసారి పాప నన్ను అడిగింది, అసలు తాతయ్యకి అంత ఫెయిత్ ఎలా అని. నా జవాబు కోసం ఆయన ఆగలేదు. "ఎనక సీట్లో కూసున్నోడికి రోడ్డు కనపడదు. అయినా నిద్రపోతాడు చూడు. అదే నమ్మకం."

ఇక నా సంగతి చెప్పాలి. నేను గుంటూరులో బీఫార్మసీ చదివాను. ఇక్కడ మందులషాపు కౌంటరు వెనక నిలబడాలంటే లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు పరీక్షల దాకా వెళ్ళాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష దాటాలి. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా కంప్యూటరు, దానిమీద కరిగిపోతున్న టైము. ఎదుట మనిషి ఉండడు. చదవడం, రాయడం, వినడం, వీటిలో నాకు ఢోకా లేదు. మాట్లాడటం దగ్గరే ప్రతిసారీ కాస్తలో పోయేది. పార్టీల్లో ఎవరైనా "ఇంకా ఆ టెస్టేనా?" అని అడిగితే, నవ్వి పప్పుగిన్నె అందుకునేదాన్ని. లోపల మాత్రం ఉడికిపోయేది. మందుల గురించి అంత చదివి, పక్కింటావిడకు దగ్గు మందు పేరు చెప్పే హక్కు కూడా లేదు నాకు.

ఆ చలికాలంలోనే మళ్ళీ రిజల్టు వచ్చింది. మళ్ళీ కాస్తలోనే. ల్యాప్‌టాప్ మూసేశాను. "ఇంక నా వల్ల కాదు మామయ్యా. కేకులు చేసి అమ్ముకుంటా" అన్నాను.

ఆయన ఓదార్చలేదు. "ఆ సినిమా కథ నాకు ఇంగ్లీషులో చెప్పు" అన్నారు.

"మీకు అర్థం కాదు కదా!"

"కథ నాకు తెలుసు గదా. నువ్వు యాడదాకా వచ్చావో ఆ మాత్రం తెలవదా?"

ఉక్రోషంతోనే మొదలుపెట్టాను. "ద బాయ్ కేమ్ టు ద కాలేజ్..." తర్వాతి మాట తడబడింది. "ద బాయ్ కేమ్ టు..." మళ్ళీ తడబడింది. "ద బాయ్..."

"హోల్డాన్!" అన్నారు. "ఏందమ్మాయ్, ఊరికూరికే బస్టాండుకు పోతన్నావ్?"

నాకు అర్థం కాలేదు.

"మాచర్ల బస్సు దారిలో కారంపూడి కాడ ఆగిపోయిందనుకో. బాగుచేసుకుని కారంపూడి నుంచే పోనిస్తాం. ఎనక్కి పేట బస్టాండుకు తీసుకొచ్చి మళ్ళీ మొదలెడతామా? నువ్వు మాట తప్పినప్పుడల్లా పేటకు పోతన్నావ్. ఇట్టాగైతే మాచర్ల ఎప్పుడొస్తది తల్లీ? ఆ కుర్రోడు పడితే ఎనక్కి పంపారా? పడ్డకాడ్నుంచే చెప్పు."

నేను బిక్కమొహం వేశాను. ఎందుకంటే అది అక్షరాలా నిజం. చిన్నప్పుడు మేం పద్యాలు అప్పజెప్పింది అలాగే. మూడో పాదంలో తప్పితే మాస్టారు బెత్తం చూపించి "మళ్ళీ మొదట్నుంచి" అనేవారు. ఆ భయం నా నాలుకమీద కాపురం పెట్టేసింది. ఒక్క మాట తప్పితే చాలు, వాక్యం మొదటికి పరుగెత్తడం. కంప్యూటరుకు బెత్తం లేదు, నాకోసం ఆగే ఓపికా లేదు. నా టైమంతా ఆ రానూపోనూ ప్రయాణాలకే సరిపోయేది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మా ఇంట్లో డ్యూటీ మొదలైంది. తన సూట్‌కేసులోంచి పాత విజిల్ తీశారు. భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ దగ్గర నేను ఇంగ్లీషులో ఏదో ఒకటి చెప్పాలి. సినిమా కథ, గోంగూర పచ్చడి, మా అత్తయ్యతో ఆయన పెళ్ళి. నేను వెనక్కి వెళ్ళానంటే విజిల్. ఆగిన మాట నుంచి అందుకుంటే "రైట్ రైట్". ఒక్కోసారి ఆయన గురకపెట్టేవారు. కానీ నేను వాక్యం మొదటికి వెళ్ళిన మరుక్షణం ఎలా తెలిసేదో, కళ్ళు మూసుకునే విజిల్ ఊదేవారు. మాట తడబడితే సిగ్గుపడటం మానేశాను. పడటం ఆటలో భాగమే అయిపోయింది.

మళ్ళీ పరీక్షకు వెళ్ళిన రోజు ఆయనా కార్లో వచ్చారు. నేను దిగాక, బస్సును పోనిమ్మన్నట్టే కారు డోరు మీద అరచేత్తో రెండుసార్లు చరిచి "రైట్ రైట్" అన్నారు. పార్కింగులో ఎవరో తిరిగి చూశారు. లోపల ఒక ప్రశ్న మధ్యలో నా నోట మాట ఆగిపోయింది. పేట బస్టాండు కళ్ళముందు కనిపించింది కూడా. వెళ్ళలేదు. కారంపూడి నుంచే పోనిచ్చాను.

పాసయ్యానని చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు, నాకు కాస్త కోపం వచ్చింది. "నాకు తెలుసు. ఆంజనేయస్వామికి ముందే చెప్పి పెట్టా" అన్నారు. తర్వాత లైసెన్సు వచ్చి, మొదటిరోజు తెల్లకోటు వేసుకుని ఇంట్లోంచి బయల్దేరుతుంటే మాత్రం ఆయన కళ్ళు తడిశాయి. "ఫస్ట్ డౌన్!" అన్నారు, ముందుకు చెయ్యి చాపి, అచ్చం పది గజాలు దాటారని చాటే రిఫరీలాగా. అంతకు మించిన పట్టా నాకెవరూ ఇవ్వలేదు.

ఆ సినిమాలో చివరికి జట్టు గెలవదు. మీకు చెప్పనేలేదు కదూ. ఆ కుర్రాడు బంతిని గుండెకు అదుముకుని పరుగెత్తి, గెలుపు గీతకు ఒక్క గజం ఇవతల పడిపోతాడు. మా పాపకు అది నచ్చేది కాదు. మామయ్యగారు మాత్రం, "ఓడితే ఓడాడు. ఎట్టా పడ్డాడో చూడు, ముందుకు పడ్డాడు" అనేవారు.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆయన గురించి మాట్లాడమని మా ఆయన నన్నే అడిగారు. తన వల్ల కాదన్నారు. పక్కింటివాళ్ళు, పాప స్నేహితులు, నా ఫార్మసీవాళ్ళు అందరూ ఉన్నారు కాబట్టి ఇంగ్లీషులోనే మాట్లాడాను. నాకు ఇంగ్లీషు నేర్పింది మా మామయ్యగారే అన్నాను. తెలిసినవాళ్ళు నవ్వారు. బాగానే సాగింది. డైనింగ్ టేబుల్ గురించి చెబుతుండగా, వాక్యం మధ్యలో, మాట ఆగిపోయింది. అంతమంది నావైపే చూస్తున్నారు. ఇన్నేళ్ళ తర్వాత, నా ప్రమేయం లేకుండానే, నా నాలుక "గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్" దగ్గరికి వెళ్ళిపోయింది.

"గుడ్..." అన్నాను.

ముందు వరసలోంచి విజిల్ మోగింది. ఎప్పుడు తీసుకుందో, ఎప్పటి నుంచి గుప్పిట్లో పెట్టుకుందో, మా పాప. ఏడుస్తూనే, తన అమెరికా "ర"తో, "రైట్ రైట్, అమ్మా" అంది.

ఆగిన మాట నుంచే అందుకున్నాను. చివరిదాకా చెప్పాను.

ఆయన్ను దహనానికి లోపలికి తీసుకెళ్ళే వేళయింది. మా ఆయన, నాన్నను పడుకోబెట్టిన పెట్టె దగ్గరికి వెళ్ళి, దానిమీద అరచేత్తో రెండుసార్లు చరిచారు. పెట్టె మెల్లగా ముందుకు కదిలింది.