వంపు గోడ

ఇంటింటికీ కేబుల్ టీవీ వస్తున్న రోజుల్లో చంద్రపూర్‌లో కొత్త హాలు కట్టారు. నాటకాలు, పెళ్లిళ్లు, మీటింగులు అన్నీ అందులోనే. అందంగా ఉంటుందని ప్రేక్షకుల వెనక గోడను లోపలికి వంపు తిప్పి, నున్నగా సిమెంటు పూశారు.

అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. నాన్నది బొగ్గు గనిలో పని. నాకు పాట నేర్పే టీచరమ్మది బజారులో బట్టల దుకాణం ఉన్న కుటుంబం. ఒక సాయంత్రం ఆమె శిష్యులందరం ఆ హాల్లో పాడాం. నా వంతు వచ్చేసరికి నాన్న ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో ఉన్నాడు. గొంతులు చివరిదాకా వస్తున్నాయో లేదో చూస్తానని టీచరమ్మ స్నేహితురాలితో వెనక వరసకు వెళ్లింది.

హార్మోనియం సర్దుతుంటే మైకు ముందు నిలబడ్డాను. ఎవరో నా చెవి పక్కనే మాట్లాడినట్టయింది.

"ఈ పిల్లకు గొంతే లేదు. తండ్రి బేచారా చేతులు జోడించి అడిగిండని నేర్పుతున్న."

"మరి గా ముచ్చట చెప్పరాదు?"

"ఎందుకు? రేపు పెండ్లయితే గదే బందైతది."

తర్వాత నవ్వు. తలెత్తి చూస్తే దూరంగా చివరి వరసలో రెండు తలలు దగ్గరగా ఉన్నాయి. నాన్న మాత్రం నన్నే చూసి మురిసిపోతున్నాడు. పల్లవిలోనే శ్రుతి తప్పింది. చరణం సగంలోనే ఆపేశాను. ఎవరో "వన్స్ మోర్" అని వెక్కిరించారు.

కిందికి దిగగానే టీచరమ్మ నా తల నిమిరింది. "మంచిగ పాడినవ్ బిడ్డా. జర భయపడ్డవ్, గంతే."

దారిలో నాన్న అడిగాడు. "విన్నవా, టీచరమ్మ ఏమన్నదో?"

"విన్న," అన్నాను.

మర్నాడు హాలు మేనేజరుకు చెప్పాను, వెనక మాటలు స్టేజీ మీద వినబడుతున్నాయని. "గోడలు మాట్లాడుతయా? నీ చెవులు చూపిచ్చుకో పో," అన్నాడు. కొన్నాళ్లకు ఒక నాయకుడు అదే మైకు దగ్గర నిలబడి, వెనక వరసలో ఎవరో తనను దొంగ అనడం విన్నాడు. వెంటనే నాగపూర్ నుంచి ఇంజనీరు వచ్చాడు. మాట వంపుకు తగిలి తిరిగొచ్చి మైకు దగ్గరే పోగవుతోందన్నాడు. గోడంతా చెక్కలు, మందపాటి గుడ్డ కొట్టించాడు.

తర్వాతి కార్యక్రమంలో టీచరమ్మ నన్ను తీసుకోలేదు. నాన్న వెళ్లి అడిగితే, "నేనైతే పాడుమనే అన్న. మీ బిడ్డనే వద్దంటుంది," అందట.

ఇంటికొచ్చి నాన్న నా మీద మండిపడ్డాడు. "నీ కోసం వాళ్లింటి గడప అరిగేటట్టు తిరిగిన. ఇంత పొగరా నీకు?"

ఆ వారమే నాన్న, నా కోసం కొన్న హార్మోనియం అమ్మేశాడు.