ఖాళీ గోడను చదివిన పిల్ల

అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య సందుల్లో ఉన్న ఒక సర్కారు బడిలో నేను నర్సుని. బడిలో నర్సేంటని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఒక ట్రస్టు వాళ్ళు తరగతి గది ఒకటి అడిగి తీసుకుని, మంచం, బీరువా, బరువు చూసే మిషను పెట్టి, తలుపు మీద ‘హెల్త్ రూమ్’ అని రాయించారు. పిల్లల జ్వరాలు, గజ్జి, పేలు, ఆటల్లో తగిలిన దెబ్బలు అన్నీ నా దగ్గరికే. పిల్లలతో ఆగదు, వాళ్ళ అమ్మలూ వస్తారు. ఒకామెకి బీపీ చూడాలి, ఒకామెకి ఆసుపత్రి చీటీ చదివి చెప్పాలి, ఒకామె మొగుడితో గొడవపడి వచ్చి మంచం మీద కూర్చుని ఏడుస్తుంది. అందరి మీదా అరుస్తాను, అందరి పనీ చేసిపెడతాను. నా అంత ఒళ్ళు దాచుకోకుండా పనిచేసే మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకరు లేరని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఉండేది అనే అంటున్నాను.

ఏటా బళ్ళు తెరిచాక, వానలు మొదలయ్యే రోజుల్లో కంటి పరీక్ష. చేసేదీ నేనే, రాసేదీ నేనే. గోడకి ఇంగ్లీషు అక్షరాల చార్టు, దానికి ఎదురుగా నేల మీద సున్నంతో ఒక గీత. చార్టు కిందే కుర్చీ వేసుకుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, పిల్లల వైపు తిరిగి కూర్చుంటాను. బడి నిండా పిల్లలు, నేనొక్కదాన్ని. అందుకని టైము కలిసొచ్చేలా ఒక పద్ధతి పెట్టాను. బయట వరసలో ఉన్నప్పుడే కుడి కన్నుని అట్టముక్కతో మూసుకోవాలి. అలాగే లోపలికొచ్చి గీత మీద నిలబడి ఎడమ కన్నుతో చదవాలి. తర్వాత అట్ట మార్చి కుడి కన్నుతో. గట్టిగా చదవాలి, నాకు గొణుగుడు పడదు.

లోపల ఒకళ్ళు చదువుతుంటే బయట వరసంతా ఎక్కాలు వల్లించినట్టు వెనకే పలికేది. "ఈ... ఎఫ్, పీ... టీ, ఓ, జెడ్..." ఆడపిల్లలు తాడాటకి కూడా అదే పాట చేసుకున్నారు. అది విని మురిసిపోయాను నేను. బడి చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళతో "మా పిల్లలకి చార్టంతా కంఠతా వచ్చండీ" అని గొప్పలు పోయాను. నేనేం చెప్తున్నానో నా చెవికే ఎక్కలేదు.

ఈ సంగతి ఆరో తరగతి పిల్ల ఒకదాని గురించి. ఒకటో తరగతి నుంచి దాన్ని ఎరుగుదును. వాళ్ళది సిరిసిల్ల వైపు నేతవాళ్ళ కుటుంబం. తండ్రికి సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో పని. తల్లి బడి వెనక సందులోనే, అద్దె గదిలో మగ్గం బిగించుకుని, అమీర్‌పేట షాపులకి బ్లౌజుల మీద పూసలూ జరీ కుడుతుంది. ఈ పిల్లకి మాట్లాడేటప్పుడు తల ఒక పక్కకి తిప్పే అలవాటు. "తిన్నగా చూడవే, నీకేమైనా పెళ్ళిచూపులా?" అని నేనే ఎన్నిసార్లు వెక్కిరించానో. తలనొప్పని వస్తే ఫోన్ చూడ్డం తగ్గించమని తిట్టాను. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే తండ్రి జేబులో సనత్‌నగర్ పోతుందని తెలిసి కూడా తిట్టాను.

ఈ ఏడు పరీక్షకి ముందురోజంతా వాన. గోడ చెమ్మెక్కింది. చార్టు నానిపోతుందని ఆయా పొద్దున్నే దాన్ని తీసి బీరువా మీద ఆరబెట్టింది. నాతో చెప్పడం మర్చిపోయింది. నేను మెట్రో దిగి రొప్పుకుంటూ వచ్చి, గోడ వంకైనా చూడకుండా కుర్చీలో కూలబడి "రండర్రా" అని కేకేశాను. వరసలో మొదట ఈ పిల్లే ఉంది.

కుడి కంటికి అట్ట పెట్టుకుని వచ్చింది. గీత మీద నిలబడింది. గడగడా, ఒక్క తప్పు లేకుండా, చివరి వరస దాకా చదివేసింది. నేను టిక్కు కొట్టాను. కొట్టాక, మరీ రైలులా చదివిందేంటనిపించి, "నాలుగో వరస మళ్ళీ చదువు" అంటూ చూపించడానికి స్కేలు పట్టుకుని వెనక్కి తిరిగాను.

గోడ ఉంది. మేకు ఉంది. చార్టు లేదు.

స్కేలు గాల్లో అలాగే ఉండిపోయింది. నా వెనక ఆ పిల్ల "ఎల్, పీ, ఈ, డీ" అని చదువుతోంది.

నాకు ముందు వచ్చింది కోపమే. నన్ను మోసం చేస్తోందనుకున్నాను.

"ఏంటే ఇది? ఎక్కడ చూసి చదువుతున్నావ్?" అని కసిరాను.

అట్ట తీసి గోడ చూసింది. అప్పుడు తెలిసింది దానికి కూడా. మొహం పాలిపోయింది.

"చార్టు లేదని కనిపించలేదా నీకు?"

"అది ఎడమ కన్ను గద మేడమ్."

"అయితే?"

"ఎడమ కన్నుకు కనిపియ్యదు గద. ఎడమ చేత్తోటి రాయం గద, గట్లనే. మీరు అప్పజెప్పమంటరని అప్పజెప్తున్న."

అది అబద్ధం ఆడలేదు. బళ్ళో చదవడమంటే అప్పజెప్పడమని మేమే నేర్పాం, అది నేర్చుకుంది. దగ్గరికి పిలిచి మెల్లగా అడిగితే, ఆ కంటికి వెలుతురు తెలుస్తుందట, ఎవరైనా అడ్డమొస్తే నీడలా తెలుస్తుందట, అంతే. బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీశాను. ఒకటో తరగతి, రెండో తరగతి, అన్నిట్లోనూ దాని పేరుకెదురుగా "రెండు కళ్ళూ బాగున్నాయి" అని ఉంది. నా చేతిరాతే. గుండ్రంగా, ముచ్చటగా ఉంది.

తల్లికి కబురు పెట్టాను. కొంగుకి పూసలు అంటుకుని ఉండగానే పరిగెత్తుకొచ్చింది. జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. ఆమె తల కాస్త పక్కకి తిప్పి నావైపు చూసింది.

"దానికెందుకు మేడమ్ గింత ఫికర్? నాకు సుత గట్లనే. మా అమ్మకు సుత గంతే ఉండె. ఎడమ కన్ను అందరికి గంతే గద?"

ఎన్నిసార్లు ఆమెకి బీపీ చూశానో. ఆ తల తిప్పడం చూసి, మనిషికి కాస్త బింకం ఎక్కువ అనుకున్నాను తప్ప ఇంకో ఆలోచన రాలేదు. ఇన్నేళ్ళూ ఒంటి కన్నుతో ఆవగింజంత పూసల్లో సూది దూర్చిందా ఈ మనిషి! మంచం మీద కూర్చుండిపోయాను. ఆయా మంచినీళ్ళు తెచ్చి నా చేత తాగించింది. ఆ గదిలో నాకు ఒకరు నీళ్ళివ్వడం అదే మొదలు.

మర్నాడే తల్లినీ కూతుర్నీ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇద్దరికీ ఎడమ కంట్లో పుట్టుకతోనే పవర్ తేడా ఉందంది డాక్టరమ్మ. అది మసకగా చూపిస్తుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుందట. నాలుగైదేళ్ళ వయసులో అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కాసేపు పట్టీ వేసి, ఆ రెండోదాని చేత పని చేయిస్తే చాలావరకు చూపు వచ్చేదట. తల్లికి ఇక చేయగలిగింది లేదు. పిల్లది ప్రయత్నిద్దాం కానీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దంది.

"ఒకటో తరగతిలో ఎవరూ చూడలేదా?" అని అడిగింది.

"చూశారు. నేనే చూశాను," అన్నాను.

తల్లి చప్పున అందుకుంది. "మేడమ్‌ను ఏమనకుండ్రి డాక్టరమ్మా. మేడమే గద పట్టుకున్నది."

ఆ మాట కంటే చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను.

బడి మొత్తానికీ పరీక్ష మళ్ళీ మొదటినుంచి చేశాను. తలుపు మూసి, ఒక్కొక్కళ్ళనే పిలిచి, చార్టు మార్చి మార్చి. ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక కుడి కంటికి పట్టీ వేసుకుని నా గదిలో కూర్చుంటుంది. నేను పెద్ద పెద్ద పూసలిస్తే తడుముకుంటూ దారానికి ఎక్కిస్తుంది. సగం కింద పడతాయి. తిట్టకుండా ఏరి ఇస్తాను.

దానికో చెల్లెలుంది. నాలుగేళ్ళు నిండాయి, ఊళ్ళో నానమ్మ దగ్గరుండి మొన్ననే వచ్చింది. రాగానే తీసుకురమ్మని తల్లికి ముందే చెప్పి పెట్టాను. తీసుకొచ్చింది. అక్షరాలు రాని వయసు కదాని బొమ్మల చార్టు తగిలించాను. గొడుగు, చేప, ఇల్లు. చిన్నదాని కుడి కంటికి పట్టీ అంటించి గీత మీద నిలబెట్టాను.

నేనింకా నోరు తెరవనేలేదు. అది చేతులు కట్టుకుని, గోడకేసి చూస్తూ, బడంతా వినపడేలా అందుకుంది.

"ఈ! ఎఫ్, పీ! టీ, ఓ, జెడ్!"

అక్క తాడాటలో నేర్పిన పాట. తల్లి నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

మంచం మీద పూసలు గుచ్చుకుంటున్న అక్క లేచి వచ్చింది. పట్టీ వేసిన కన్నుతోనే, తడుముకుంటూ, చెల్లెలి ముందు చతికిలబడి దాని గడ్డం పట్టుకుంది.

"గట్ల కాదే. కనిపిస్తేనే చెప్పు. కనిపియ్యకుంటే కనిపిస్తలేదను. మేడమ్ తిట్టది."

చిన్నది గోడ వంక చూసింది. చాలాసేపు చూసింది. తల మెల్లగా ఒక పక్కకి తిప్పింది.

"కనిపిస్తలేదు," అంది.

రిజిస్టరులో ఆ మాటే, అలాగే రాశాను. రాసి, చిన్నదాన్ని చంకనెత్తుకుని, కంటి ఆసుపత్రికి ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను.