కేబుల్ పీకేశాక కొట్టిన అట్టలు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కంప్యూటర్ డిప్లొమా చదివినదాన్ని, ఏది ఆగిపోయినా కారణం వెతికే అలవాటు. చనిపోయిన మనిషికి భయపడటం నాకు తెలియదు. చనిపోయిన మనిషిని చూసి కుళ్ళుకోవడం మాత్రం బాగా తెలుసు.

ఆమె పేరు పద్మ, మా ఆయన మొదటి భార్య. ఆమె జబ్బు చేసి పోయాక ఆయన నన్ను చేసుకున్నారు. ధర్మవరంలో మాది పట్టుచీరల డిజైన్ల షాపు. కంప్యూటర్‌లో అంచు గీసి పంపితే, పక్కనున్న మెషీన్ దాన్ని అట్టల మీద రంధ్రాలుగా కొడుతుంది. ఆ అట్టలు మగ్గం మీద కడితే చీరకు ఆ అంచు వస్తుంది. షాపుకు పేరు తెచ్చినవి పద్మక్క గీసిన అంచులే. వచ్చిన ప్రతివాళ్ళూ ఆమె మాటే ఎత్తుతారు. ఆమె కుర్చీలో కూర్చుని ఆ పొగడ్తలు వింటుంటే ఎంత మంటగా ఉంటుందో నాకే తెలుసు.

నాది ఉరవకొండ దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి చూసిన వేరుశనగ పువ్వుతో ఒక అంచు గీశాను. పూర్తిగా నాదే. ఒక వ్యాపారి చూసి, నమూనా చీర నచ్చితే ఈ సీజనంతా ఇదే నేయిస్తానన్నాడు. ఇకమీదట నా పేరు కూడా పలుకుతారని ఎంత ఆశపడ్డానో!

తీరా పంపితే సగంలో ఆగిపోయింది. మా కంప్యూటర్ పాతకాలపుది. దాని వెనక కేబుల్ తగిలించే సీరియల్ పోర్టు తప్ప ఆ మెషీన్‌కు ఇంకేదీ పనికిరాదు. పువ్వు ముగిసి కింది గీత మొదలయ్యే చోట స్క్రీన్ బిగుసుకుపోయేది. మళ్ళీ పంపినా అక్కడే. కేబుల్ మార్చాను. వేగం తగ్గించాను. మెషీన్ ఆగమన్నాక, ఇక పంపమనే సంకేతం అందడం లేదేమోనని ఆ వైరు కూడా పరీక్షించాను. పోర్టులో పంపే సూదినీ అందుకునే సూదినీ కలిపి చూస్తే, పంపిన అక్షరాలన్నీ తిరిగొచ్చాయి. పోర్టు బాగానే ఉంది. చివరికి పద్మక్క పాత డిజైన్ పంపితే మొత్తం గడగడా కొట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయమ్మ ఉన్నెప్పుడు ఇది ఒక్క దినమన్నా నిల్చిపోలేదు మే" అంది మా అత్త, గడపలో కూర్చుని.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ ఆపేశాను. మెషీన్ కూడా ఆపి మళ్ళీ వేశాను. అలా చేస్తే దాని మెమరీలో ఏమీ మిగలదు. కేబుల్ రెండు వైపులా పీకి, ఒళ్ళో పెట్టుకుని, టంకం వదిలిందేమో చూస్తున్నాను. అప్పుడు మెషీన్ అట్టలు కొట్టడం మొదలుపెట్టింది.

చప్పుడు విని మా ఆయన లోపలి నుంచి వచ్చారు. "పోతాండాదా?" అని సంతోషంగా అడిగి, నా ఒళ్ళో చూసి నిలబడిపోయారు. "కేబుల్ నీ తావే ఉండాది కదే. ఇదెట్ల కొడతాండాది?"

మిగిలిన అట్టలన్నీ కొట్టి, దానంతటదే ఆగింది.

ముందు పడిన సగానికి వాటినే కలిపి చీర నేయించాం. నా పువ్వు నేను గీసినట్టే వచ్చింది. కానీ ప్రతి పువ్వు కింద నుంచీ సన్నని ఊడ ఒకటి కింది గీతలోకి దిగి ఉంది. వేరుశనగ పువ్వు వాడాక ఊడ నేలలోకి దిగుతుంది, కాయ దాని కొసనే కడుతుంది. చేలో పెరిగిన నాకు అది గీయాలని తోచలేదు. పద్మక్క మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి, ఏనాడూ చేను తొక్కలేదంటారు. కంప్యూటర్‌లో నా డిజైన్ తెరిచి చూశాను. అందులో ఊడ లేదు. ఆమె పాత డిజైన్లన్నీ వెతికాను. వాటిలో వేరుశనగ పువ్వే లేదు.

వ్యాపారి చీరను వెలుగులో పట్టుకుని చూశాడు. "పువ్వు ఎవరైనా గీస్తారమ్మా. ఊడ దించినావు సూడు, అదీ పనంటే!" అన్నాడు. నేను కోరుకున్న పేరు ఆ ఊడతోనే వచ్చింది.

ఆ తరవాత పోర్టు ఒక్కసారి కూడా ఆగలేదు. దాన్ని ఎవరూ బాగుచేయలేదు. నేను ఇంకా చాలా అంచులు గీశాను, అన్నీ అమ్ముడుపోయాయి. వ్యాపారి మాత్రం ప్రతిసారీ "బాగుండాయమ్మా, ఆ శెనక్కాయ అంచు మాదిరి మాత్రం లేవు" అంటాడు.

ఆ అట్టలు ఎలా వచ్చాయో తెలిసినవాళ్ళను అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పటికీ నేనూ చెప్పలేను. ఈమధ్య మధ్యాహ్నాలు అందరూ కునుకు తీసే వేళ, సగం గీసిన అంచు పంపి, కేబుల్ పీకేసి, మెషీన్ ముందు కూర్చుంటున్నాను. ఇంతవరకూ ఒక్క రంధ్రం కూడా పడలేదు.