లారీ ఆగినా ఆగని బీరువా

ఆ లారీ డ్రైవరు ఇరవై ఆరేళ్లుగా ఇళ్ల సామాన్లు మోస్తున్నాడు. అన్నేళ్లలో అతనికి సామాన్ల మీద గౌరవం పెరిగింది, సామాన్లవాళ్ల మీద పోయింది. చదువుకున్నవాళ్లంటే మరీ చులకన.

ఆరోజు ఇల్లు మారుతున్నది ఒక ఫిజిక్సు లెక్చరరు. డ్రైవరు అద్దం బీరువాకు తాడు చుట్టబోతే ఆయన అడ్డుపడ్డాడు.

"రంగు గీసుకుపోతుందయ్యా! అంత బరువు బీరువా ఎక్కడికి కదులుతుంది?"

డ్రైవరు ఆయన్ని ఎగాదిగా చూసి, తాడు పక్కన పడేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదే ఓపిక అతనికి లేదు.

రెండో మలుపులో ఒక సైకిలు అడ్డొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. లారీ ఆగింది. బీరువా మాత్రం అదే ఊపులో ముందుకు జారి క్యాబిన్ గోడకు కొట్టుకుంది. అద్దం భళ్లుమంది.

"అంత గట్టిగా తొక్కుతావా? నువ్వే దాన్ని తోసేశావు!" అని పక్క సీట్లోంచి లెక్చరరు ఎగిరిపడ్డాడు.

"నేను ఆపింది లారీని సార్. బీరువాను ఎవరాపారు? లారీతోపాటు పరిగెత్తే వస్తువును ఏదో ఒకటి పట్టుకుని ఆపాలి, లేకపోతే అలాగే పోతుంది. బరువెక్కువైతే ఆపడం ఇంకా కష్టం. మీరు పిల్లలకు చెప్పేది ఇదే కాదూ?"

మధ్యలో కూర్చున్న లెక్చరరు భార్య నవ్వాపుకోలేకపోయింది. "ఇదే చెప్తారు. నోట్సు కూడా రాయిస్తారు" అంది.

"చదవేస్తే ఉన్నమతి పోయిందట" అని పైకే అని డ్రైవరు కిందికి దిగాడు. ఈసారి ఎవరినీ అడగకుండా బీరువాను కట్టేశాడు. గాజుముక్కలు మాత్రం లెక్చరరు చేతే ఏరించాడు.