మూడో జ్వరంలో అప్‌డేట్

కోలారు జిల్లా బైరకూరులో మా అత్త వెంకటలక్ష్మమ్మ పట్టుపురుగుల షెడ్డులో ఒక ఉదయం మేఘం పుట్టింది. పుట్టించింది నేనే. అదీ నరసాపురం పోయే కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక్క బొటనవేలితో. ఎలాగో చెబుతాను. విన్నాక నన్ను మీ కంప్యూటర్ దగ్గరికి రానివ్వరని తెలిసే చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. లినక్స్ నేర్చిన ఇరవై నాలుగేళ్ళవాడికి లోకంలో ప్రతిదీ పాతదిగానే కనబడుతుంది. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్; అందులో రకాలు బోలెడు. ఒక రకంవాళ్ళు రెండేళ్ళకొకసారి కొత్తది వదులుతారు. మధ్యలో తప్పులు దిద్దడమే తప్ప కొత్త సరుకు ముట్టరు. ఇంకో రకంవాళ్ళు ఏది తయారైతే అది అప్పటికప్పుడు పంపించేస్తారు. పేర్లు చెప్పను. చెబితే రెండు పక్షాలవాళ్ళూ కొట్టుకుంటూ మా ఇంటికే వస్తారు. నాది రెండో పక్షం. పొద్దున్నే అప్‌డేట్ కొట్టకపోతే నాకు పళ్ళు తోముకోనట్టు ఉండేది.

అత్త షెడ్డులో వేడీ తేమా చూసుకోవడానికి ఒక చిన్న కంప్యూటర్ పెడతానన్నాను. గాలి ఎండిపోతే అదే ఫాగర్ వేసి నీటి తుంపర చల్లుతుంది, చాలనుకుంటే అదే ఆపేస్తుంది. కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టి పెరిగిన నా స్నేహితుడు జోసెఫ్ ఫోన్లో మొత్తుకున్నాడు.

"డేయ్, రెండేండ్లకోసారి వచ్చేది ఎయ్ రా. పురుగుల షెడ్డుకి దినామూ కొత్తది యెందుకు?"

"నీది ముసలోళ్ళ లినక్స్ రా."

"ముసలోళ్ళదే. అయితే పడిపోదు."

నేను వినలేదు. పైగా ఫాగర్‌కు గోడమీదున్న స్విచ్ కూడా పీకేశాను. కంప్యూటర్ ఉండగా స్విచ్ ఎందుకని!

పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తలెత్తి, ఒక రోజు కదలకుండా ఉంటుంది. దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. అప్పుడు అవి ఉన్న ఆకుల పడక పొడిగా ఉండాలి, ఎవరూ ముట్టకూడదు. తడిస్తే పురుగు కుళ్ళుతుంది, పంట పోతుంది.

"మూడో జ్వరానికి కూర్చున్నాయప్పా. షెడ్డులో అడుగు పెట్టొద్దు," అంది అత్త.

"నేనెందుకు పోతానత్తా? డ్యూటీకి పోతాండాను."

మాట తప్పలేదు. బస్సులో ఫోన్ తీసి చూస్తే షెడ్డు కంప్యూటర్‌కు కొత్తవి నూరు పైచిలుకు వచ్చి ఉన్నాయి. కొట్టాను. షెడ్డులో అడుగు పెట్టలేదు కదా! ఆ కొత్తవాటితో పొసగక, తేమ కొలిచే నా ప్రోగ్రాం కుప్పకూలింది. కూలుతూ కూలుతూ ఫాగర్‌ను ఆన్‌లో వదిలేసింది. పావుగంటకు అత్త ఫోను.

"అప్పా, షెడ్డులో మబ్బు పట్టుండాది."

"బయటనా అత్తా?"

"బయట ఎండ కాస్తాండాది. లోపలే మబ్బు. నా చెయ్యి నాకు కనపడలే."

షెడ్డు కంప్యూటర్‌ను ఫోన్లోంచి పిలిచాను. పలకలేదు.

"అత్తా, ఫాగర్ ఆపు!"

"యాడ ఆపేది? స్విచ్చు యాడుండాది?"

బస్సులో పక్కవాడికి వినబడకుండా ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"నేనే పీకేసినానత్తా."

"మంచి పని చేసినావు. ఉండు."

టక్కుమని ఒక చప్పుడు. ఆకు కోసే కొడవలితో అత్త నీళ్ళ తొట్టి దగ్గర ఫాగర్ పైపునే కోసేసింది. ఆ రోజు సరిగ్గా పనిచేసిన పరికరం ఆ కొడవలి ఒక్కటే.

దారిలో ముళబాగిలులో బస్సు దిగి వెనక్కి పరుగెత్తాను. కిటికీలన్నీ తెరిచి, తడి పీల్చడానికి ఇద్దరం పడకల మీద సున్నం చల్లాం. ఫాగర్ కింద ఉన్న రెండు అరల పురుగులు దక్కలేదు. వాటిని పూడ్చే గొయ్యి నేనే తవ్వాను. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు అత్త ముఖం చూడలేకపోయాను. నెల కష్టం ఆమెది.

మరునాడు కొన్ని పురుగులు చర్మం విడిచి లేచాయి. పాపం ఆకలేమోనని ఆకు వెయ్యబోయాను. అత్త చేతిమీద ఒక్కటిచ్చింది.

"సుమ్మనుండు! లేచినదానికి లేచినట్టు ఏస్తే ఆఖర్లో కొన్ని గూడు కడతాంటాయి, కొన్ని ఇంగా తింటాంటాయి. అన్నీ లేసేదాకా కాసుకోవల్ల."

మిగిలిన పంట దక్కింది. తరువాతి పంటకు గోడకు స్విచ్ బిగించి, జోసెఫ్ చెప్పిన లినక్స్ వేసుకుని భయభక్తులతో వచ్చాను. అత్త విచారణ మొదలుపెట్టింది.

"ఇది యెన్నాళ్ళకి మారతాది?"

"రెండేండ్లకత్తా."

"మారే ముందర?"

"కొన్ని నెలలు కొత్తది ఏదీ లోపలికి రానీరు. ఉన్న తప్పులు దిద్దుకుంటా కూర్చుంటారు."

"యెప్పుడు వదుల్తారు?"

"అన్నీ సరిపోయినప్పుడు."

అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"వాళ్ళు పురుగు మేపినోళ్ళప్పా. నువ్వు పక్కకుండి, వాళ్ళని పిలిపీ."

అందుచేత మల్బరీ ఆకు చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను: పురుగు జ్వరంలో ఉండగా, నేను బస్సులో ఉండగా, గోడకు స్విచ్ లేకుండా, ఈ జన్మలో దేనికీ అప్‌డేట్ కొట్టను. ఇదంతా కాగితం మీద రాసి, సంతకం చేసి, సాక్షి సంతకానికి అత్త చేతికిచ్చాను. ఆమె దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

"ఇప్పుడే సంతకం యెందుకప్పా? ఈ పంట గూడు కట్టనీ, చూస్తాం."