దారిలో ఉన్న సరుకు

పేరడగలేదు గానీ ఆవిడ మొహం నాకింకా గుర్తే. బరంపురం బస్సులో నా పక్కన కూర్చుంది. హల్దియాపదర్‌లో కిరాణా కొట్టంట. నూనె డీలర్‌షిప్ ఇస్తామని ఫోనులో ఎవరో చెబితే కొట్టు పెట్టుబడంతా పంపేసిందట. ఇప్పుడా నంబరు పలకదట.

"అదేటమ్మా, ఎవర్నీ అడగనేదా?" అన్నాను.

"పొద్దున్న కొట్టు తలుపు తీయగానే ఫోనొచ్చింది అక్కా. బోణీ బేరం కాదనకూడదని మా అత్త సెప్పీది. ఊఁ అనీసేను." ఏడుపు లేదు. ఉప్పు ధర చెప్పినట్టే చెప్పింది.

"మీ ఆయనేటన్నాడు?"

"ఆయనకి తెల్దు. నూనె డబ్బాలకి చోటు కావాలని పాత సరుకు సగం ధరకి అమ్మీస్తన్నాడు."

అంతలో ఆమె ఫోను మోగింది. మొగుడి గొంతు నాకూ వినబడింది. "లారీ బయల్దేరిందా ఏటి? ఇంకో అర ఖాళీ సేసీసేను!"

"దారిలో ఉందంట," అంది. ఫోను ఒళ్లో పెట్టుకుని, నాకు చోటు చాలదేమోనని కిటికీ వైపు జరిగింది.