రెండు ఫ్రేముల కిష్టప్ప

రీలులో రెండు ఫ్రేములు పాడుచేశాడని కిష్టప్పను స్టూడియోలోంచి గెంటేశారు. తాగి వచ్చినందుకు కాదు, దొంగతనానికీ కాదు. పదకొండేళ్ళు డార్క్‌రూములో మందునీళ్ళలో చేతులు నానబెట్టి, గోళ్ళు గోధుమరంగుకు తిరిగిన మనిషిని, ముప్పయ్యారింటిలో రెండు ఫ్రేములకు వెళ్ళగొట్టారు. తీన్‌కందిల్ బజారు ఆ పూటంతా నవ్వింది. తర్వాత అతని పేరే అది అయిపోయింది. రాయచూరు తెలివి అంతవరకే పనిచేస్తుంది.

యజమాని వెంకోబరావుకు పెద్ద షోకేసు ఉండేది. అందులో ఊరి పెద్దల ఫోటోలు, పెద్దల పక్కన తన ఫోటో. ఫోటోగ్రఫీ గురించి ఆయనకు తెలిసింది ఆ షోకేసు తాళంచెవి ఎక్కడుందన్నదొక్కటే.

శక్తినగర్ థర్మల్ కరెంటు కేంద్రంలో మూడో యూనిట్ కడుతున్న రోజులవి. కూలీలను వరసల్లో నిలబెట్టి, నడుమ కుర్చీలో కూర్చుని ఫోటో తీయించుకోవడం కాంట్రాక్టర్లకు మోజు. అక్కడ చోటు ఇరుకు. వెనక్కి జరుగుదామంటే బొగ్గు వ్యాగన్లు. మామూలు లెన్సులో సగం మందే పడతారు. అసలైన వైడ్ లెన్సు ఒకటి కొనమని కిష్టప్ప ఏడాదిపాటు అడిగాడు. వెంకోబరావు బొంబాయి నుంచి అటాచ్‌మెంట్ తెప్పించాడు. ఉన్న లెన్సు ముందే మరచెంబు మూతలా తిప్పి బిగించే గాజుబిళ్ళ అది.

"చూడ్రా కిష్టప్పా, లెన్సు ధరల పదోవంతు గూడ లేదు. గిది పెడ్తే మందంత పడ్తరు."

"పడ్తరు రావుసాబ్. నడుమ ఉన్నోళ్ళు మంచిగనె పడ్తరు. అంచుల ఉన్నోళ్ళ మొకాలు సాగుతయి, కదిలే నీళ్ళల్ల చూసినట్టయితది. వైడ్ లెన్సంటే మొత్తం దానికోసమే కూర్చిన అద్దాలు. గిదేమో కండ్లద్దాల మీద ఇంకో కండ్లద్దాలు పెట్టుకున్నట్టు."

"పైసలిచ్చెటోడు యాడ కూసుంటడు?"

"నడుమ."

"మరింకేంది నీ పరేషాన్? అంచులోళ్ళు ఫోటో కొంటరా?"

ఈ వాదనలో తప్పు పట్టిన మనిషి ఊళ్ళో నాకు ఒక్కడూ దొరకలేదు. దుకాణాలు, పెళ్ళిళ్ళు, సభలు అన్నీ దానిమీదే నడుస్తున్నాయి. నడుమ ఉన్నవాడు స్పష్టంగా పడితే చాలు.

ఆ రోజు యాభైనాలుగు మంది మూడు వరసల్లో నిలబడ్డారు. కిష్టప్ప కాంట్రాక్టరును బతిమిలాడాడు.

"సాబ్, ఈ బిళ్ళ తీసేసి రెండు ఫోటోలు కొడ్త. ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి. అందరి మొకాలు కనబడ్తయి."

"మరి నేను దేన్ల నడుమ కూసోవాలె? నన్ను రెండు ముక్కలు కోస్తవా ఏంది?"

కూలీలందరూ నవ్వారు. అంచుల్లో ఉన్నవాళ్ళు మరింత గట్టిగా నవ్వారు.

కిష్టప్ప బిళ్ళతోనే ఫోటో తీశాడు. కాంట్రాక్టరు చాయ్‌కి లేచిపోగానే బిళ్ళ విప్పి, "కదలకుండ్రి" అని అరిచి, ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి కొట్టాడు. ఎవరూ అడగని ఫోటోలవి. మరునాడు వెంకోబరావు నెగటివ్‌ను వెలుగుకు పట్టి చూశాడు.

"ఇవి ఎవని పెండ్లికి కొట్టినవ్?"

కత్తెరతో ఆ రెండు ఫ్రేములు కత్తిరించి కిష్టప్ప ఎదమీదికి విసిరాడు. "తీస్కపో, ఇంట్ల పటం కట్టుకో. రేపట్నుంచి రాకు."

కిష్టప్ప వాటిని ఏరుకుని పాత పంచాంగంలో పెట్టుకున్నాడు. ఎదురు మాట్లాడలేదు. అందుకు అతన్ని కూడా నేను క్షమించలేను. తహసీల్ ఆఫీసు ముందు ఎర్రదుప్పటి కట్టి పాస్‌పోర్టు ఫోటోలు తీస్తూ బతికాడు.

మూడేళ్ళకు, మొదటినుంచీ ఉన్న కూలీలను పర్మనెంటు చేస్తారని కబురొచ్చింది. రుజువు కావాలన్నారు. హాజరు పుస్తకాన్ని చెదలు తిన్నాయని కాంట్రాక్టరు చెప్పాడు. చెదలు కూడా అతని దగ్గరే నౌకరీ చేస్తున్నట్టున్నాయి. మిగిలింది కాంట్రాక్టరు ఆఫీసు గోడకున్న గ్రూపు ఫోటో. నడుమ ముప్పై మందికి ముఖాలున్నాయి. అంచుల్లోని ఇరవైనాలుగు మందికి తడిసిన అప్పడాలున్నాయి.

ఆ ఇరవైనాలుగు మందీ ఎర్రదుప్పటి దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. కిష్టప్ప పంచాంగం తెరిచాడు. ఎవరి డార్క్‌రూమునో బతిమిలాడి తానే ప్రింట్లు వేసి ఇచ్చాడు. చెంపమీది పుట్టుమచ్చ కూడా కనిపించేంత స్పష్టంగా వచ్చాయి. ఇరవైముగ్గురు గట్టెక్కారు.

మిగిలినవాడు అరకేర నుంచి వచ్చిన బీరప్ప. ఎడమ కొసన చివరివాడు. కిష్టప్ప మీట నొక్కిన క్షణంలో తల పక్కకు తిప్పాడు. ఫోటోలో పడింది రుమాలు, ఒక చెవి. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. చెవిని చూసి మనిషిని పోల్చలేనన్నాడు, పక్కన నిలబడ్డవాళ్ళు ఇద్దరు సంతకం పెడితే చాలన్నాడు. బీరప్పతో ఒకే బీడీ పంచుకున్న అమరప్ప పక్కనే ఉన్నాడు.

"మా నౌకరే ఇంక పక్కా కాలే. నీ చెవికి మేం జామీన్ పడాల్నా?"

ఇరవైముగ్గురిలో ఒక్కడూ కలం పట్టలేదు. బీరప్ప అరకేరకు తిరిగిపోయి గొర్రెలు కాసుకున్నాడు. పర్మనెంటైనవాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళాను. గోడలకు ఇప్పటికీ కాంట్రాక్టరు నడుమ కూర్చున్న ఆ సాగిన ఫోటోనే వేలాడుతోంది. కిష్టప్ప ప్రింటు ఒక్క ఇంట్లోనూ లేదు.

చివరిసారి కలిసినప్పుడు ఇదంతా అతనికే చెప్పి, వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. కిష్టప్ప దుప్పటి దులిపి మడతపెడుతూ విన్నాడు.

"వాళ్ళను తిట్టకు తమ్మీ. ఇంజను కూతేసింది, బీరప్ప మొకం తిప్పిండు. కెమెరాల నేను చూసిన. రీల్ల ఇంక ఏడు ఫ్రేములు ఖాళీగున్నయి. రావుసాబ్ అడుగుతడని భయపడి ఊకున్న. రెండిటికి ఎల్లగొట్టిండు. మూడు కొట్టినా ఎల్లగొట్టెటోడే. మూడోది కొట్టాల్సుండె."